పేజీ తిప్పే చోట

మా వయోలా మాస్టారు పోయారు. శుక్రవారం పొద్దున వదిన నా గది తలుపు తట్టి, లోపలికి రాకుండా గడపలోనే నిలబడి, "కింది ఫ్లాటు మాస్టారు... ఆస్పత్రి నుంచి పిన్నిగారు ఇప్పుడే ఫోన్ చేశారు" అంది.  

అంతకుముందు సాయంత్రం మేమిద్దరం కలిసి రిహార్సలుకు వెళ్లాలి. గుండెల్లో కాస్త బరువుగా ఉందని ఆయన ఆగిపోయారు. "నువ్వెళ్లమ్మా. నేను లేనని నువ్వు కూడా మానేస్తే ఇంక వయోలాలే ఉండవక్కడ" అని నన్ను పంపించారు. వెళ్లాను. ఆ రోజు నేను బాగానే వాయించాను. మర్నాడు ఆయనకు ఆ మాట చెబుదామనుకున్నాను.

ఈ పత్రిక చదివే మీలో కువైట్‌లో ఉంటున్నవారు చాలామందే ఉన్నా, ఆయన్ని ఎరిగినవాళ్లు తక్కువ. ఎరిగినవాళ్లకైనా ఆయన ఆయిల్ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసిన కోనసీమ మనిషిగానే తెలుసు. ఆయన ఇక్కడి సింఫనీ ఆర్కెస్ట్రాలో ముప్ఫై ఏళ్లు పైగా వాయించారని చెబితే మొన్న పరామర్శకు వచ్చినవాళ్లే ఆశ్చర్యపోయారు. "అంటే సినిమా పాటలాండీ?" అని ఒకరు అడిగారు. కాదు. పాట ఉండదు, పాడేవాళ్లుండరు. నలభై మంది కూర్చుని, ఎదురుగా ఉన్న కాయితాలు చూస్తూ, ఒకే చేతి సైగకు వాయిస్తారు. నర్సులు, ఇంజనీర్లు, టీచర్లు, బ్యాంకు గుమాస్తాలు. గురువారం సాయంత్రం ఉద్యోగాలు దించుకుని వచ్చి కువైట్ సిటీలో ఒక స్కూలు హాల్లో కూర్చుంటారు. అదీ మా ఆర్కెస్ట్రా.

ఆయనకు ఒక కోరిక ఉండేది. గల్ఫ్ యుద్ధం తర్వాత ఆర్కెస్ట్రా మళ్లీ మొదలైనప్పుడు వాళ్లు మొట్టమొదట వాయించిన సింఫనీ ఒకటుంది. నాలుగు భాగాలు. దాన్ని ఇంకొక్కసారి, నాలుగు భాగాలూ, మొదటినుంచి చివరిదాకా వాయించాలని. కరోనా తర్వాత సగంమంది దేశం వదిలి వెళ్లిపోయాక అది కుదరలేదు. ఒకసారి బాకా ఊదేవాళ్లు లేరు, ఒకసారి నేలకు ఆనించి వాయించే పెద్ద ఫిడేళ్లు, చెల్లోలు, చాలలేదు. ఏ కచేరీలోనైనా మొదటి భాగం వాయించి లేచిపోవడమే. "విస్తరి వేసి పప్పు వడ్డించి పొమ్మన్నట్టుందమ్మా" అనేవారు.

ఈ ఏడాది అందరూ కుదిరారు, వయోలాలు తప్ప. ఆయనొక్కరే మిగిలారు. ఆ రెండో కుర్చీ కోసమే ఆయన మా ఇంటికి వచ్చారు.

నేను కాకినాడలో కాన్వెంట్‌లో చదువుకున్నాను. సంగీతం నేర్పే సిస్టరు నా చేతికి వయొలిన్ ఇచ్చింది. ప్రార్థనలప్పుడు హార్మోనియం వెనక, ఎవరికీ కనపడకుండా నిలబడి వాయించేదాన్ని. ఇక్కడ ఫింటాస్‌లో అన్నయ్యా వదినల దగ్గర ఉంటూ ఒక ఇండియన్ స్కూలు లైబ్రరీలో పనిచేస్తున్నాను. వయొలిన్ వెంట తెచ్చుకున్నాను గాని, తలుపు వేసుకుని, తీగల మీద రబ్బరు బిళ్ల పెట్టుకుని, గోడలకు కూడా వినపడకుండా వాయించేదాన్ని.

ఒకరోజు బెల్లు మోగితే వదిన తలుపు తీసింది. కింది ఫ్లాటాయన. లోపలి గదిలోంచి వింటున్నాను.

"పైన ఫిడేలు వాయించేది ఎవరమ్మా?"

"మా ఆడపడుచండి. గోలగా ఉందాండీ? ఆపమని చెప్తానండి."

"ఆపమనడానికి రాలేదమ్మా. కొంచెం గట్టిగా వాయించమని చెప్దామని వచ్చాను. సగమే వినపడతంది. మిగతా సగం ఏవిటా అని మాకు అన్నం సయించట్లేదు."

వదిన పగలబడి నవ్వింది. నేను గదిలోంచి బయటకు రాలేదు. ఆయన గుమ్మం దగ్గరనుంచే, నాకు వినపడేలా అన్నారు: "అమ్మాయ్, రేపు సాయంత్రం కిందికి రా. నీకు తగ్గ వాయిద్యం మా ఇంట్లో ఉంది."

ఆ వాయిద్యం వయోలా. చూడ్డానికి వయొలిన్‌లాగే ఉంటుంది, కొంచెం పెద్దది, గొంతు కొంచెం బొంగురు. ఆర్కెస్ట్రాలో పైన వయొలిన్లు, కింద చెల్లోలు, మధ్యలో వయోలాలు. పాట ఎప్పుడూ పైవాళ్లది. బలం కిందివాళ్లది. నా చేతిలో పెట్టి మాస్టారు చెప్పిన మొదటి మాట ఇది: "ఇందులో ఒక సుఖం ఉందమ్మా. మనల్ని ఎవరూ వినరు. మనం మానేస్తే మాత్రం అందరికీ తెలిసిపోద్ది."

ఎవరూ వినరన్న మాట నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. రెండో మాట సంగతి అప్పుడు ఆలోచించలేదు.

ఆయన ఫిడేలు నేర్చుకున్నది వాళ్ల నాన్నగారి దగ్గర, మన పద్ధతిలో, నేలమీద కూర్చుని, ఫిడేలు తల పాదానికి ఆనించి. ఇక్కడికి వచ్చాక కుర్చీలో కూర్చుని, కాయితం చూసి, గడ్డం కింద పెట్టి వాయించడం మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నారు. కమాను పట్టిన చెయ్యి నేర్చుకుంది గాని వేళ్లు పూర్తిగా నేర్చుకోలేదు. సింఫనీలో రెండో భాగం నెమ్మదిగా సాగుతుంది. అందులో ఒక పేజీ చివర ఒక పొడుగు స్వరం ఉంది. దాన్ని నిటారుగా నిలబెట్టాలి. మాస్టారి వేలు మాత్రం అక్కడికి వచ్చేసరికి మన గమకంలా పక్క స్వరాన్ని తాకి, జారి, మళ్లీ వచ్చేది.

ముందు నిలబడి చేతి సైగతో మమ్మల్ని నడిపించే మా కండక్టరు లెబనాన్ ఆవిడ. చెవి మహా చురుకు. నేను వెళ్లిన రెండో వారమో మూడో వారమో, సరిగ్గా అక్కడ చేతిలో పుల్ల కిందికి దించి అందర్నీ ఆపేసింది.

"వయోలాల్లో ఎవరో పాడుతున్నారు. ఎవరది?" అంది ఇంగ్లీషులో.

నేను కాయితంలోకి తల దించుకున్నాను. మాస్టారు నెమ్మదిగా లేచి నిలబడ్డారు. "మా నాన్నగారు మేడమ్. అప్పుడప్పుడూ అలా వచ్చి పోతుంటారు."

హాలంతా నవ్వింది. ఆవిడా నవ్వింది. "మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. కచేరీ రోజు మాత్రం ఆయన్ని ఇంట్లోనే ఉండమనండి."

"చెప్తాను మేడమ్. నా మాట వినే రకం కాదు."

రిహార్సలుకు వెళ్లేటప్పుడు ఆయన కారులోనే వెళ్లేవాళ్లం. హైవే మీద అందరూ మమ్మల్ని దాటుకుపోయేవారు. ఆయన ఎనభై దాటనిచ్చేవారు కాదు. వెనక సీట్లో వయోలాలు ఉన్నాయనేవారు. నేను మాట్లాడేదాన్ని కాదు. ఆయన మాట్లాడేవారు. అలా ఆ ఆర్కెస్ట్రా కథ నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది.

మొదట అయిదారుగురు టీచర్లు ఒకరింటి హాల్లో సరదాగా వాయించుకునేవారట. ఆ ఇంటి ఇల్లాలు కాఫీలు ఇవ్వలేక స్కూలు హాలు ఇప్పించిందట. కొత్తగా ఉద్యోగానికి వచ్చిన మాస్టారు ఒకరోజు కిటికీలోంచి విని లోపలికి వెళ్లి, చివరి వరసలో వయొలిన్ పట్టుకుని కూర్చున్నారు. ఏడాదిన్నర కూర్చున్నారో లేదో యుద్ధం వచ్చింది. అందరిలాగే జోర్డాన్ మీదుగా ఇంటికి వెళ్లారు. ఫిడేలు మిత్రుడింట్లో దాచి, ఖాళీ పెట్టెలో ఖుబూస్ రొట్టెలు పెట్టుకున్నారట. "ఆ ఎడారిలో అందరూ నా పెట్టె చూసి పాట పాడమంటారేమో అని భయం. తెరిస్తే రొట్టెలు. పాటకంటే అవే నయమన్నారు" అని నవ్వేవారు.

తిరిగొచ్చేసరికి హాల్లో కుర్చీలు కూడా లేవు. కాయితాలు లేవు. కూల్‌డ్రింకు పెట్టెలు బోర్లించి కూర్చున్నారు. వయోలా వాయించే పాలస్తీనా పెద్దాయన తిరిగి రాలేదు. యుద్ధం తర్వాత పాలస్తీనావాళ్లను ఈ దేశంలోకి ఇక రానివ్వలేదు. ఆ కుర్చీలో ఎవరో ఒకరు కూర్చోవాలి కదా అని మాస్టారు ఫిడేలు పక్కన పెట్టి వయోలా పట్టారు. కండక్టరు చూసే పెద్ద పుస్తకం ఒక్కటే ఎవరింట్లోనో మిగిలింది. దాంట్లోంచి ఎవరి భాగం వాళ్లు చేతితో రాసుకున్నారు. మాస్టారు డ్రాఫ్ట్స్‌మన్ కదా. ఆఫీసు అయ్యాక డ్రాయింగు బల్ల మీద, డ్రాయింగు పెన్నులతో వయోలా భాగం రాశారు. గీతలు కొలబద్దతో గీసినవి, స్వరాలు అచ్చు వేసినట్టు గుండ్రంగా ఉంటాయి. తర్వాత మిగతావాళ్లందరూ అచ్చు కాయితాలు తెచ్చుకున్నా, వయోలాలవాళ్లం ఈనాటికీ ఆ చేతిరాత చూసే వాయిస్తాం.

ఇక్కడ మా పనిలో ఒక పద్ధతి చెప్పాలి. కాయితాలు పెట్టుకునే ఒక్కో స్టాండు ముందు ఇద్దరు కూర్చుంటారు. జనం వైపు కూర్చునేది పెద్దవాళ్లు. లోపలి కుర్చీ చిన్నవాళ్లది. పేజీ చివరికి వచ్చేసరికి లోపలివాళ్లు వాయించడం ఆపి, లేచీ లేవకుండా చెయ్యి చాచి పేజీ తిప్పుతారు. బయటివాళ్లు ఆపకుండా వాయిస్తూనే ఉంటారు. అందుకే వినేవాళ్లకు ఎక్కడా తెగదు.

నేను మొదట్లో పేజీ తిప్పడానికి సిగ్గుపడేదాన్ని. అంత నిశ్శబ్దంలో కాయితం చప్పుడు చేస్తుందని, స్టాండు పడిపోతుందని భయం. మాస్టారి ఇంట్లో ముందుగదిలో సాధన చేస్తున్నప్పుడు రెండో భాగంలో ఆ పొడుగు స్వరం దగ్గర ఆలస్యంగా తిప్పాను. మాస్టారు ఆపారు.

"నీ స్వరం పోద్దని చూసుకుంటున్నావు. పోనీ. నేను వాయిస్తున్నాగా. ముందే ఆపేసి తిప్పెయ్."

"మాస్టారూ, పేజీ ఇక్కడెందుకు అయిపోయింది? కాస్త కిందికి రాసుంటే అక్కడ విరామం ఉంది కదా" అన్నాను. ఆయన రాతలో తప్పు పట్టినట్టయిందని వెంటనే నాలుక కరుచుకున్నాను.

ఆయన కళ్లజోడు పైకి తోసి కాయితం చూశారు. "నిజమే. ఒక్కడు వాయించేదైతే విరామం చూసి రాస్తాం. ఇది వయోలా కదమ్మా, ఎప్పుడూ ఇద్దరుంటారు. అందుకని చూసుకోలేదు."

వంటింట్లోంచి మాస్టారి భార్య, పిన్నిగారు, అన్నారు: "చూసుకోలేదని ముప్ఫై ఏళ్లకి ఒప్పుకున్నారు. రాసుకో అమ్మాయ్."

పిన్నిగారికి స్వరలిపి రాదు. కచేరీలకు వచ్చి కూర్చుంటే నిద్రొస్తుందని రారు. కానీ మేం వాయిస్తున్నంతసేపూ వంటింటి తలుపు తెరిచే ఉండేది.

మాస్టారి వయోలా పెట్టెలో ఒక సోపు డబ్బా ఉండేది, మూతకు చిల్లులు పొడిచి. అందులో తడి స్పాంజి. ఇక్కడి గాలికి, ఏసీకి చెక్క ఎండి పగిలిపోతుందని. రోజూ పొద్దున కాఫీకి ముందు ఆ స్పాంజి తడిపేవారు. నాకూ ఒకటి తయారుచేసి ఇచ్చారు. "చెట్టుగా ఉన్నప్పుడు దీనికి నీళ్లు పోసినవాళ్లు ఎవరో ఏమో. ఇప్పుడు మన వంతు" అన్నారు.

ఖైతాన్‌లో ఉండే రాయచోటి డ్రైవరొకాయన మాస్టారికి స్నేహితుడు. మొన్న చలికాలం చిన్న కచేరీకి అతన్ని, అతని గదివాళ్లను మాస్టారు పిలిచారు. ముందు వరసలో కూర్చుని తొడమీద తాళం వేస్తూ విన్నారు. పక్కన కూర్చున్న దొరసాని వాళ్ల చేతుల వంకే చూసింది. అయిపోయాక అతను మాస్టారిని పట్టుకున్నాడు.

"సార్, ఇంతమంది చెమట్లు కార్చి వాయిస్తాండారు. ఆయమ్మ ఒక్కతే ఏం వాయించకుండా కట్టె పట్టుకోని అందర్నీ బెదిరిస్తాంది. ఆమెకేం పని?"

"ఆవిడే మాకు వీసా ఇచ్చిన కఫీల్ అనుకోవయ్యా. ఆవిడ చెయ్యెత్తకపోతే మాకెవరికీ ఇక్కడుండే ఇఖామా లేనట్టే."

"అట్లనా! అయితే గట్టిగానే బెదిరియ్యమను సార్."

ఆ సాయంత్రం కారులో వస్తూ మాస్టారు, "ఈసారి నాలుగు భాగాలకీ వీళ్లని పిలుద్దాం. వింటారు వీళ్లు" అన్నారు.

మాస్టారు పోయాక ఆయన్ని అమలాపురం పక్కన వాళ్ల ఊరికి తీసుకెళ్లారు. కాయితాల పనులన్నీ ఆ డ్రైవరే దగ్గరుండి చూశాడు. పిన్నిగారు కూడా వెళ్లిపోయారు. ఆయన వయోలా ఆవిడతోనే వెళ్లింది. వెళ్లేముందు చేతిరాత కాయితాలు నాకిచ్చారు. "ఇవి ఇక్కడివేనమ్మా" అన్నారు.

తర్వాతి గురువారం రిహార్సలుకు వెళ్లాను. సన్నాయిలాంటి ఓబో వాయించే ఫిలిప్పీన్స్ నర్సు శ్రుతి ఇచ్చింది. అందరూ ఆ స్వరానికి తీగలు సరిచూసుకున్నారు. కండక్టరు పుల్ల ఎత్తబోయి దించేసింది.

"ఒక్క వయోలాతో నాలుగు భాగాలు కష్టం. కచేరీలో మొదటి భాగం వాయించి ఆపేద్దాం. ఆయన పేరు మీద" అంది.

నేను ఆ హాల్లో అప్పటిదాకా ఎప్పుడూ నోరు తెరవలేదు. నా గొంతు ఎలా ఉంటుందో వాళ్లకు తెలియదు. లేచి నిలబడ్డాను. ఇంగ్లీషులో ఏం మాట్లాడానో గుర్తులేదు. మొదటి భాగంతో ఆపేయడం ఆయనకు ఇష్టం లేదని, నాలుగూ నేను వాయిస్తానని చెప్పాను. చెప్పి కూర్చున్నాను.

ఆవిడ పుల్ల మళ్లీ ఎత్తింది. "సరే హబీబ్తీ, నా తల్లీ. మరి గట్టిగా వాయించు" అంది. మాస్టారు మా గుమ్మంలో నిలబడి అన్న మాటే.

రెండో భాగంలో ఆ పేజీ చివర నేను వాయించడం ఆపి, చెయ్యి చాచి పేజీ తిప్పాను. అలవాటు. వాయిస్తూ ఉండాల్సిన పక్క కుర్చీ ఖాళీ. కండక్టరు ఆపింది. "వయోలాలు?" అంది, బహువచనంలోనే. తర్వాత సర్దుకుని, బయటి కుర్చీలోకి జరగమని, తర్వాతి పేజీ మొదటి వరసను ఫొటోకాపీ తీసి ఈ పేజీ కింద అంటించుకోమని చెప్పింది. అందరూ చేసే పనే అది. ఆదివారం లైబ్రరీలో కాపీ తీశాను. కత్తిరించాను. సరిగ్గా సరిపోయింది.

కచేరీ రోజు అది నా వయోలా పెట్టెలోనే ఉండిపోయింది, సోపు డబ్బా కింద. ఎందుకు అంటించలేదో చెప్పడం నాకు చేతకాదు. లోపలి కుర్చీలోనే కూర్చున్నాను. బయటి కుర్చీని ఎవరూ తీయలేదు. దానిమీద పువ్వులూ ఫొటో పెట్టలేదు. మామూలు కుర్చీ.

రాయచోటి డ్రైవరు, అతని గదివాళ్లు వచ్చారు. మొదటి భాగం అవగానే చప్పట్లు కొట్టారు. అక్కడ కొట్టకూడదని పక్కవాళ్లు చెప్పబోతే కండక్టరు వెనక్కి తిరిగి వాళ్లకు తలవంచింది. రెండో భాగం మొదలైంది. పొడుగు స్వరం వచ్చింది. ఆపాను. పేజీ తిప్పాను. ఆ రెండు బార్లలో, మన లెక్కలో రెండు ఆవర్తాలు, వయోలా లేదు. పైన వయొలిన్లు సాగిపోయాయి, కింద చెల్లోలు సాగిపోయాయి. తిప్పడం అయ్యాక మళ్లీ వాళ్లలో కలిశాను. మూడో భాగం, నాలుగో భాగం. చివరి స్వరం దాకా వాయించాం. విస్తరి నిండింది.

ఆ రెండు బార్ల ఖాళీ గురించి ఎవరూ ఏమీ అనలేదు. బాగుందన్నారు. మమ్మల్ని ఎవరూ వినరన్న ఆయన మాట నిజమేననుకున్నాను.

డ్రైవరు కచేరీ అంతా ఫోన్లో రికార్డు చేసి పిన్నిగారికి పంపాడట. రెండ్రోజుల తర్వాత మధ్యాహ్నం, లైబ్రరీలో ఉండగా ఆవిడ ఫోన్ చేశారు. పుస్తకాల బీరువాల మధ్యకు వెళ్లి మాట్లాడాను.

"అంతా విన్నానమ్మా. నిద్ర రాలేదు" అన్నారు. మళ్లీ, "ఆ నెమ్మదిగా నడిచే దాంట్లో, నువ్వు కాయితం తిప్పేచోట..." అని ఆగారు.

"అవునండి" అన్నాను.

"ఆయన వినపడలేదు."

ఫోను చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాను. అటువైపు ఎక్కడో కోడి కూస్తోంది, ఎవరో గిన్నెలు కడుగుతున్నారు. ఆ చప్పుళ్ల మధ్య పిన్నిగారు చిన్నగా గొంతు సవరించుకుని, ఆ రెండు బార్లూ కూనిరాగంగా తీశారు. తాళం తప్పలేదు. పొడుగు స్వరం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ గొంతు పక్క స్వరాన్ని తాకి, జారి, మళ్లీ వచ్చింది.